మడ అడవికి నేను గైడునైన వైనం

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని వయసొకటి ఉంటుంది. ఆ వయసులో ఉన్నవాణ్ణి ఇంట్లో ఎవరూ తిట్టరు గానీ, అన్నం వడ్డించేటప్పుడు గరిట గిన్నెకి కాస్త గట్టిగా తగులుతుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆ చప్పుడు వీధి చివరిదాకా వినపడేది. మా నాన్న తిరువూరు నుంచి గంపలగూడెం దాకా షేర్ ఆటో తిప్పేవాడు. పొద్దున్నే ఆటో తుడుస్తూ, నాకు వినపడేలా ఆటోతోనే మాట్లాడేవాడు: "నాకా నడుం పట్టేస్తోంది. రేపోమాపో నిన్ను నడిపేవాడెవడో నాకైతే తెలీడం లేదమ్మా." నేను దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాణ్ణి. బియస్సీ జువాలజీ చదివినవాడు ఆటో నడపడమా అని నా బాధ. ఆ జువాలజీ ఎలా చదివానో నాకూ, మా లెక్చరరు గారికీ మాత్రమే తెలుసు.

ఆయన్ని మా తిరువూరు కాలేజీలో అందరం కప్పల సారు అనేవాళ్లం (ఆయనకి తెలుసు, కొంచెం గర్వం కూడా ఉండేదనుకుంటాను). ఒకసారి నా రికార్డు పుస్తకం తెరిచి, క్లాసు మొత్తానికీ కనిపించేలా పైకెత్తి, "ఏమయ్యా, నువ్వేసిన కప్పని చూస్తే కప్పే సిగ్గుతో చస్తుంది. మీ నాన్నకి ఆటో ఉందిగా, ఇంక ఈ తిప్పలెందుకు నీకు?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరితో కలిసి నేను కూడా నవ్వానే, అదే చాలా కాలం లోపల గుచ్చుకుంటూ ఉండిపోయింది.

చివరికి కోచింగు పేరు చెప్పి, సముద్రం పక్క ఊళ్లో ఉన్న మా మేనత్త ఇంటికి చేరాను. కోచింగుకి వెళ్లింది తక్కువ, బజారు తిరిగింది ఎక్కువ. అలా తిరుగుతుండగా ఒక గోడ మీద కాగితం కనిపించింది. ఊరికి కాస్త దూరంలో, తీరాన ఉన్న మడ అడవుల పార్కులో (పేరు రాయను, ఎందుకో మీకే తెలుస్తుంది) ఆదివారాలు సందర్శకులని 'ప్రకృతి నడక'కి తీసుకెళ్లడానికి వాలంటీర్లు కావాలట. జీతం లేదు. టీషర్టు, టోపీ, ఈల, సర్టిఫికెట్టు ఇస్తారట. ముందు ముందు అక్కడ గైడు ఉద్యోగాలు వేస్తారనీ, ఈ వాలంటీర్లలోంచే తీసుకుంటారనీ ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పటికీ తెలీదు. బహుశా నేనే అనుకుని ఉంటాను.

ట్రైనింగు ఒక్క పూట. పార్కు ఆఫీసరు గారు చెప్పారు. ఆయన ఆఫీసు గదిలో కూడా టోపీ తీసేవారు కాదు కాబట్టి టోపీ సారు అందాం. గోడ మీద పక్షుల బొమ్మలు చూపించడం మొదలుపెట్టారు, నాలుగో పక్షి దగ్గర కరెంటు పోయింది, మళ్లీ రాలేదు. ఆ విధంగా మూడున్నర పక్షుల జ్ఞానంతో, మెడలో ఈలతో, ఆ ఆదివారమే ఎనిమిదిమంది సందర్శకుల ముందు నిలబడ్డాను. నేను పుట్టింది మామిడితోటలూ పత్తిచేలూ ఉన్న మెట్ట ప్రాంతంలో. బురద అంటే నాకు తెలిసింది వర్షాకాలంలో ఆటో దిగబడే బురద. ఇక్కడ ఊరంత బురద, దాంట్లోంచి మేకుల్లా ఆకాశం వైపు పొడుచుకొచ్చిన వేళ్లు, ఆ వేళ్ల మధ్య నడుస్తున్న చేపలు. చేప నడవడం చూసి సందర్శకులకంటే ముందు నేనే కెవ్వుమన్నాను.

పార్కులో చెక్కలతో వేసిన వంతెన ఒకటి ఉంది. దాని మీదే నడిపించాలి. సగం దూరం వెళ్లాక ఒక పెద్దాయన చెట్టుకొమ్మ మీద ఉన్న నీలం రంగు పిట్టని చూపించి, "దీన్నేమంటారు బాబూ?" అన్నాడు. మూడున్నరలో అది లేదు. "ఉప్పుచిలక అండి" అన్నాను. "అలా ఎందుకంటారు?" "ఉప్పు తింటుందండి." ఆయన పక్కనున్నావిడ ఆ ముక్క ఫోన్లో రాసుకుంటోంది కూడా. అప్పుడు మా కాళ్లకింద, చెక్కల సందుల్లోంచి పెద్ద నవ్వు వినపడింది. వంగి చూస్తే, మోకాలిలోతు బురదలో ఒకావిడ. చీర ఎగదోపి, నడుముకి బుట్ట కట్టుకుని, చేతిలో ఇనుప కొక్కెంతో నిలబడి ఉంది. "లకుముకి పిట్టరా అబ్బాయ్ అది! ఉప్పు తినడానికి దానికేం ఖర్మ? చేపలు తింటది" అంది. ఆ పిట్ట మా తిరువూరు కరెంటు తీగల మీద కూడా వాలుతుందని తర్వాత తెలిసింది. తలెత్తి చూసిన పాపాన పోలేదు నేను.

ఆవిడ పీతలు పట్టుకునే మనిషి. నేను పెద్దమ్మా అనేవాణ్ణి, ఆవిడ నన్ను "ఒరే తిరువూరూ" అనేది. అవమానం తట్టుకోలేక మర్నాడు ఒక్కణ్ణే వెళ్లి ఆవిడ కోసం కాచుక్కూర్చున్నాను. "పెద్దమ్మా, నాకు పేర్లు చెప్పవా" అన్నాను. "చెప్తే ఏం చేస్తావ్?" "జనానికి చెప్తాను." "చెప్పి?" నేను మెడలో ఈల సవరించుకున్నాను. ఆవిడ నా మొహం చూసి నవ్వి, "చెప్పులు ఇప్పు, రా" అంది.

అలా మొదలైంది నా అసలు చదువు. తెల్లమడ ఏదో నల్లమడ ఏదో ఆకు తిప్పి చూపించేది. తిల్లచెట్టు కొమ్మ విరిస్తే పాలు కారతాయి, కంట్లో పడితే కళ్లు పోతాయి, దాని జోలికెళ్లకు అనేది. వేళ్లు ఒత్తుగా పొడుచుకొచ్చిన చోట కాలు నిలుస్తుంది, నున్నగా మెరిసే చోట మింగేస్తుంది అనేది (నేను మెరిసే చోటే కాలేసేవాణ్ణి, నన్ను చంకలు పట్టుకుని లాగడం ఆవిడకి అలవాటైపోయింది). మండపీత కన్నంలోకి కొక్కెం ఎలా దూర్చాలో, పిల్లపీత వస్తే, గుడ్లున్న ఆడపీత వస్తే ఎలా తిరిగి వదిలెయ్యాలో చూపించేది. మధ్యాహ్నం సద్ది విప్పితే అందులో సగం నా ముందు పెట్టేది. వాళ్ల పల్లె నుంచి ఏడెనిమిదిమంది ఆడవాళ్లు వచ్చేవాళ్లు. పార్కు అనే మాట పుట్టకముందు, వాళ్ల అమ్మమ్మల కాలం నుంచీ మడచెట్ల కింద వంగి నడిచే ఒక దారి వాళ్లకుంది. అది చెక్కల వంతెన పక్కనుంచి దిగి, లోపలి పాయ దాకా పోతుంది. పార్కు వాళ్ల పటంలో ఆ దారి లేదు. లేదు కాబట్టి ఎవరూ కూడదనలేదు.

ఒకరోజు పెద్దమ్మ నన్ను ఆ పాయ మలుపు దాకా తీసుకెళ్లి, నోటి మీద వేలేసుకుని కూర్చోబెట్టింది. కాసేపటికి అవతలి గట్టున నీటికుక్కలు వచ్చాయి. తల్లి, మూడు పిల్లలు. బురదలో జారుడుబండ ఆడుకున్నట్టు జారుతున్నాయి. తల్లి చేపని పట్టుకొచ్చి పడేస్తే మూడూ దాని కోసం కీచులాడుకుంటున్నాయి. తిరిగొచ్చేటప్పుడు పెద్దమ్మ అంది: "ఇక్కడికి మాత్రం జనాన్ని తేకురా. గోల చేస్తారు, అవి ఎళ్లిపోతాయి." "ఒట్టు పెద్దమ్మా" అన్నాను. అడక్కుండానే అన్నాను.

ఇక ఆదివారాలు చూడండి. "తిరువూరు గైడున్నాడా?" అని అడిగి మరీ వచ్చేవాళ్లు. నేను చెప్పేవన్నీ పెద్దమ్మ మాటలే. కాకపోతే ప్రతి మాటకీ ముందు "పరిశోధకులు చెప్పేదేమిటంటే" అని తగిలించేవాణ్ణి. పెద్దమ్మ చెప్పిందంటే చప్పట్లు కొట్టరని నాకప్పటికే తెలిసింది. ఒకసారి వంతెన కిందనుంచి అది విని, "ఎవర్రా ఆ పరిశోధకులు, మనూరోళ్లేనా?" అని అడిగింది. నవ్వేసి తప్పించుకున్నాను. ఆవిడా నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే, నేను నవ్వి తప్పించుకున్నవి చాలానే ఉన్నాయి.

ఒక ఆదివారం పార్కు ముందు బస్సొకటి ఆగింది. ముందు అద్దానికి మా కాలేజీ బ్యానరు. ముప్ఫైమంది పిల్లలు దిగారు, చివర్లో కప్పల సారు దిగారు. నన్ను, నా టోపీని, నా ఈలని వరసగా చూసి, "నువ్వా! ఇక్కడ కూడా కప్పలే వేస్తున్నావా?" అన్నారు. పిల్లలు నవ్వారు. ఆ రోజే టోపీ సారు కూడా మా వెనకాలే నడుస్తానన్నారు. నేను నాకున్న విద్యంతా కక్కాను. తెల్లమడ, నల్లమడ, తిల్లపాలు, ఊపిరి పీల్చే వేళ్లు. కప్పల సారు ప్రతిదానికీ ఆవలిస్తూ, "ఇవన్నీ పుస్తకంలో ఉన్నవేగదయ్యా. కొత్తదేదన్నా చూపించు" అన్నారు. టోపీ సారు నా వైపే చూస్తున్నారు. నాకు ఒక్కసారి ఆ క్లాసూ, పైకెత్తిన రికార్డు పుస్తకమూ, నా నవ్వూ గుర్తొచ్చాయి.

"నీటికుక్కలు చూపిస్తాను సార్" అన్నాను.

ఒట్టు గుర్తులేక కాదు. గుర్తుంది. గుర్తుంటుండగానే చెక్కల వంతెన దిగాను. నా వెనక ముప్ఫైమంది పిల్లలు, కప్పల సారు, టోపీ సారు ఒకే వరసలో వంగి వంగి మడచెట్ల కింద నడిచారు. కప్పల సారు నేను వద్దన్న మెరిసే చోటే కాలేసి ఒక బూటు భూమాతకి సమర్పించుకున్నారు. మలుపు దగ్గర కూర్చోబెట్టాను. వచ్చాయి! తల్లి, పిల్లలు, అన్నీ వచ్చాయి. మరుక్షణం ముప్ఫై ఫోన్లు, ముప్ఫై కేకలు. "ఏయ్ అటు చూడు, అటు!" నీటికుక్కలు బుడుంగున మునిగి మాయమయ్యాయి. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. కప్పల సారు ఒంటి బూటుతో కుంటుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "పర్లేదయ్యా నువ్వు" అన్నారు. అప్పటిదాకా నా జీవితంలో నేను విన్న గొప్ప మాట అదే. ఆ మత్తులో నీళ్ల వైపు చూడ్డం మర్చిపోయాను.

పోటు ఎక్కుతోంది. వెనక్కి తిరిగేసరికి మేమొచ్చిన దారి లేదు. అడుగు లోతు, ఇంకాసేపటికి మోకాలి లోతు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. కప్పల సారు ఒక మడచెట్టు వేరు మీదికెక్కి దాన్ని కౌగిలించుకుని, "ఒరేయ్, నాకు ఈత రాదు. ఏదో ఒకటి చెయ్యి" అన్నారు. నేను చేయగలిగింది ఒక్కటే. ఈల ఊదాను. ఊపిరంతా కూడగట్టి ఊదాను. ట్రైనింగులో ఈల ఎందుకిచ్చారో ఎవరూ చెప్పలేదు గానీ, ఆ రోజు దాని పని తెలిసింది.

ఈల విని వచ్చింది పెద్దమ్మ. ఆవిడా, ఆవిడ కోడలూ చెరో దోనె తోసుకుంటూ వచ్చారు. దోనెకి నలుగురైదుగురు చొప్పున, ఎన్నిసార్లు తిరిగారో, అందర్నీ వంతెన దగ్గర దించారు. దారి పొడుగునా తిట్లే. "బుద్ధుందా? నీళ్లెక్కే వేళకి పిల్లకాయల్ని లోపలికి తెస్తారా? మీకు చదువెవుడు చెప్పాడు?" అని కప్పల సార్నే తిట్టింది (ఆయన పీతల బుట్ట పక్కన కూర్చుని, ఉన్న ఒక్క బూటూ ఒళ్లో పెట్టుకుని, "నిజమేనమ్మా, నిజమే" అంటున్నారు). నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. చివరి విడతలో నన్ను ఎక్కించుకుని, మలుపు వైపు ఒకసారి చూసి, తెడ్డు వేసింది.

మర్నాడు టోపీ సారు ఆఫీసుకి పిలిపించారు. టీషర్టూ టోపీ తిరిగిచ్చేయమంటారని వాటిని ఉతికి మడతపెట్టి తీసుకెళ్లాను. ఆయన కుర్చీ చూపించి టీ తెప్పించారు. "నీటికుక్కల్ని కనిపెట్టింది నువ్వయ్యా! పైకి రిపోర్టు పంపాలి. నీ చేత్తో రాయి." సంతోషంగా రాశాను. "ఇప్పుడింకో పేరా రాయి. పీతలు పట్టేవాళ్లు లోపల తిరుగుతున్నందువల్ల నీటికుక్కలకి ఇబ్బంది కలుగుతోందని."

నేను పెన్ను ఆపాను. "సార్, మనల్ని ఒడ్డుకి చేర్చింది వాళ్లే కదండీ."

"చేర్చారు. లోపల తిరగనివాళ్లయితే ఎలా చేర్చగలరు? నేను చెప్పేదీ అదేగా" అన్నారు. ఆ మాటలో తప్పు ఎక్కడుందో నాకు తెలుసు, ఎలా చెప్పాలో తెలీలేదు. ఆయన ఇంకో బిస్కెట్టు ఇటు జరుపుతూ, "గైడు పోస్టులు రాబోతున్నాయి. నీ పేరు నా దృష్టిలో ఉంది" అన్నారు. రాశాను. పరీక్షల్లో ఎప్పుడూ రాయనంత గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా రాశాను. కింద సంతకం పెట్టి, దాని కింద గీత కూడా గీశాను.

వానలు వెలిసేసరికి ఇనుపవల కంచె వచ్చింది, గేటు వచ్చింది, 'అనుమతి లేనిదే లోనికి ప్రవేశించరాదు' అని బోర్డు వచ్చింది. మా దారి మీద కూడా (చూశారా, 'మా' దారట) చెక్కలు పరిచి, మలుపు దగ్గర ఫొటోలు తీసుకోవడానికి అరుగు కట్టారు. నాకు సర్టిఫికెట్టు ఇచ్చారు. అందులో నా పేరుకి బదులు మా నాన్న పేరు పడింది. గైడు పోస్టు ఒకటే వచ్చింది, అది ఏదో నగరంలో పర్యాటకం చదువుకున్న అమ్మాయికి వెళ్లింది. ఆ అమ్మాయి చాలా మంచిది. మొదటిరోజు నా దగ్గరికొచ్చి, "సార్, ఈ పిట్టని ఏమంటారు?" అని అడిగింది.

కంచె పడిన వారానికి గేటు దగ్గర పెద్దమ్మ కనిపించింది. ఖాళీ బుట్ట, కొక్కెం. వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. నన్ను చూసి, "నువ్వే రాశావంటగా?" అంది.

"రాయమన్నారు పెద్దమ్మా."

"రాయమంటే రాశావు. తేవద్దంటే తెచ్చావు." అంతే. అరవలేదు, శపించలేదు. అరిస్తే బాగుండేది, నేనూ రెండు మాటలు అని ఉండేవాణ్ణి. బుట్ట చంకన పెట్టుకుని రోడ్డెక్కి వెళ్లిపోయింది. ఆ శనివారం నేను తిరువూరు బస్సెక్కాను. కోచింగు అయిపోయిందని ఇంట్లో చెప్పాను. నాన్న ఆటో తాళం బల్ల మీద పెట్టాడు.

ఇదంతా జరిగి పదేళ్లు దాటింది. ఇప్పుడు తిరువూరు బస్టాండు దగ్గర నాకు జిరాక్సు కొట్టుంది. పెళ్లయింది, పొట్ట వచ్చింది. ఈ మధ్య మేనత్తకి ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి వెళ్తూ, రెడ్డిగూడెం తోటలో కోసిన మామిడిపండ్లు రెండు బుట్టలు కట్టించాను. ఒకటి అత్తకి. రెండోది ఎవరికని మా ఆవిడ అడిగితే, "అక్కడొక పెద్దమ్మ ఉంది" అన్నాను. అంతకంటే చెప్పలేదు. పదేళ్లు నోరెత్తనివాడికి మామిడిపండ్లతో ఏం పని అని అడుగుతుందేమోనని భయం.

పల్లెలో కొత్తగా పడిన సిమెంటు రోడ్డు మీద ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. ఇప్పుడు రొయ్యల షెడ్డుకి వెళ్తోందట. పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవాలి. కొక్కేన్ని అలవోకగా తిప్పిన ఆ వేళ్లు వంకర్లు పోయి, చివర్లు తెల్లగా నాని ఉన్నాయి. నన్ను వెంటనే గుర్తుపట్టింది. "ఒరే తిరువూరూ, లావయ్యావు" అంది. బుట్ట ముందు పెట్టాను. క్షమించమని అడగాలని బస్సులో మాటలు కూర్చుకుని వచ్చాను. తీరా నోరు తెరిచి, "తియ్యగా ఉంటాయి పెద్దమ్మా" అన్నాను. ఆవిడ ఒక పండు తీసి వాసన చూసి, "నీటికుక్కలున్నాయా ఇంకా?" అని అడిగింది. "అరుగు కట్టాక మళ్లీ రాలేదంట" అన్నాను. "ఊఁ" అంది.

ఈలోగా పక్కింటి కోడలు తొంగి చూసింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలా ఉంది. "ఎవరత్తయ్యా ఈయన?"

పెద్దమ్మ కత్తిపీట ముందేసుకుని పండు కోస్తూ, తలెత్తకుండా, "మన దారి చూపించినాయన" అంది.

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "అయ్యో, మన సిమెంటు రోడ్డు వేయించింది మీరేనా అండి! ఎంత మేలు చేశారండి! వానొస్తే నడవలేక చచ్చేవాళ్లం" అంటూ పరిగెత్తుకెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లొచ్చి దణ్ణం పెట్టారు. ఎవరో టీ గ్లాసు చేతిలో పెట్టారు. నేను పెద్దమ్మ వైపు చూశాను, ఆవిడైనా కాదని చెప్తుందేమోనని. ఆవిడ ముక్కలు కోసి అందరికీ పంచుతోంది. తను మాత్రం తినలేదు. నేను టీ తాగాను.

"ఎలాగూ వచ్చారు కాబట్టి, మా మురిక్కాలవ సంగతి కూడా కాస్త చూడండి సార్" అంది ఆ పిల్ల.

"చూస్తానమ్మా" అన్నాను.

అప్పుడు తలెత్తింది పెద్దమ్మ. నా వైపు చూసి నవ్వింది. చెక్కల సందుల్లోంచి వినిపించినంత పెద్ద నవ్వు కాదు, చిన్నది. నాకూ నవ్వొచ్చింది. పొట్ట మీద టీ గ్లాసు పెట్టుకుని, దొంగ దణ్ణాలు అందుకుంటూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఈ మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది.